కానుగ కింది బెంచీ

సంపాదకులకు నమస్కారం.

మా ఆయనకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఇప్పటికీ ఈడ్చుకుంటూనే వేస్తారు. రోజూ నడిపించమని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని పొద్దుగూకే వేళ కాలనీ పార్కుకు తీసుకుపోతాను. గేటు దగ్గరి బెంచీ నుంచి కానుగ చెట్టు కింది బెంచీ దాకా ఆయన వేసే అడుగులు అరవై. నేను పక్కన నడుస్తూ లెక్కపెడతాను. అక్కడ కూచుని కాసేపు అలుపు తీర్చుకుని మళ్లీ వెనక్కి వస్తాం.

జులైలో కూతురి దగ్గరికి పోయి నెల దాటాక వచ్చాం. ఆ సాయంత్రం కానుగ దాకా నడిచి చూస్తే బెంచీ కనబడలేదు. నడుమెత్తు వయ్యారిభామ కలుపు, దాని మీద అల్లుకున్న తీగ. వెనక్కి తిప్పుదామంటే ఆయన కాలు వణుకుతోంది. బాట అంచు రాయి మీద కూచోబెట్టాను. కూచోబెట్టాను గానీ లేపడం నా వల్ల కాలేదు. క్రికెట్ ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు పరుగున వచ్చి "తాతా, మా భుజం పట్టుకో" అని లేపారు. ఇంటికొచ్చాక ఆయన "రేపటి నుంచి వద్దులే" అన్నారు. నాలుగు రోజులు గడప దాటలేదు.

మోకాళ్లు బాగున్నవాళ్లకు బెంచీ కబుర్లు చెప్పుకునే చోటు. మావంటి వాళ్లం ఎంత దూరం పోగలమో తేల్చేది ఆ బెంచీయే.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, పచ్చదనం వద్దని ఎన్నడూ అనను. వయ్యారిభామ సంగతి వేరు. మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది. ఒక్క మొక్క పది పదిహేను వేల గింజలు రాల్చగలదు. పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, ఆయాసం. ఆకు తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. గింజ కట్టాక కోసి అక్కడే కుప్ప పోస్తే వచ్చే ఏటికి విత్తనం చల్లినట్టే. మా పార్కులో ఏటా జరిగేది అదే. వానకాలమంతా వదిలేసి పండుగ ముందు ఒకసారి జేసీబీ తెస్తారు. అది గోడవారన ఉన్న తంగేడును, గునుగును కూడా గీకేసి పోతుంది. మా కాలనీ ఆడపిల్లలు బతుకమ్మకు పూలు తెంపుకునేది అక్కడే. ఆ పూలు పోతే బజార్లో కట్టలు కొనాలి. ఏది పీకాలో ఏది ఉంచాలో తెలిసిన మనిషి ఒక్కరు కొడవలి పట్టుకుని పదిహేను రోజులకోసారి వస్తే జేసీబీతో పనే ఉండదు.

2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. మంచిదే. నాటిన మొక్కకు లెక్క ఉన్నట్టే, పెరిగినదాన్ని సవరించడానికీ ఒక తేదీ, ఒక మనిషి ఉండాలని నా విన్నపం. మన జిల్లాకు ఇది చేతకాని పని కాదు. 2018లో పిల్లలమర్రికి చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందెక్కించారు. బరువుకు వంగిన కొమ్మలకు ఊతాలు పెట్టారు. మా బడి పిల్లలను ఎన్నోసార్లు ఆ చెట్టు కిందికి తీసుకుపోయాను. అందుకే ఆ వార్త చదివినప్పుడు నాకు కళ్లనీళ్లొచ్చాయి. చెట్టు మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లం, చెట్టు కింద కూచునే మనిషిని ఎట్లా మరుస్తాం?

అయిదో రోజు పొద్దున గ్లౌజులు తొడుక్కుని, యూరియా సంచి పట్టుకుని పోయాను. పక్కింటి అత్తాకోడళ్లు కూడా వచ్చారు. మూడు పొద్దులు పట్టింది. తీగ లాగేస్తే బెంచీ వీపు మీద అక్షరాలు కనబడ్డాయి. ఎవరో తమ అమ్మ జ్ఞాపకార్థం వేయించినది. మట్టితో పూడుకుపోయిన ఆ పేరును తడిగుడ్డతో తుడిచాను. బాట మీద రెండుసార్లు మట్టి పోసి టైల్స్ పరవడంతో బెంచీ కిందికి దిగి, కూచునే బల్ల పిక్కల ఎత్తుకే వచ్చింది. దాన్ని పైకి లేపి అడుగున్నర ఎత్తున నిలబెట్టాలి, ఒక పక్క చేతికి పట్టు ఉండాలి. అంత బరువు మా ఆడవాళ్లతో కదలదు.

ఆయన మళ్లీ నడుస్తున్నారు, నా చేయి పట్టుకుని లేస్తున్నారు. మేం పీకి మూడు వారాలైంది. నిన్న చూస్తే బెంచీ చుట్టూ మళ్లీ జానెడు మొలకలు. ఇంకా పూత రాలేదు.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్ జిల్లా