నెట్ ఆగి ఆగి వస్తే తప్పంతా ఇంట్లోనే వెతకాలా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ టెక్నాలజీ పేజీలో, ఇంట్లో నెట్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేయాలో చిట్కాలు ఇచ్చారు. రూటర్‌ని ఇంటి మధ్యలో పెట్టుకోమన్నారు, ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, అది పాతదైతే కొత్తది కొనమన్నారు. ఇవి తప్పని అనను. కానీ అంత పెద్ద వ్యాసంలో ఇంటి గడప దాటి ఒక్క మాట లేదు. స్తంభాల మీద వేలాడే తీగల గురించి గానీ, బాగు చేయకుండానే ఫిర్యాదులు మూసేసే కంపెనీల గురించి గానీ రాయాలని ఎవరికీ అనిపించలేదా?

మాది ఉప్పల్ వైపు కాలనీ. కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, మనవడికి సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులు. ఎండాకాలం నుంచీ మా నెట్ పూర్తిగా పోదు, అలాగని నిలకడగా ఉండదు. కాసేపు పోతుంది, మళ్లీ అదే వస్తుంది. పూర్తిగా పోయినా బాగుండేది, ఆ పూటకి కోడలు ఆఫీసుకు వెళ్లిపోయేది. ఏ మీటింగులో ఏ క్షణాన పోతుందోనన్న టెన్షన్‌తో ఆ అమ్మాయి ఫోన్‌లో డేటా ఆన్ చేసి పక్కనే పెట్టుకుని కూర్చుంటోంది. నెల బిల్లు మాత్రం పూర్తిగా కడుతున్నాం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మీ లైన్ మా దగ్గర ఆన్‌లోనే చూపిస్తోంది సార్’ అంటారు. ఆ నిమిషానికి ఆన్‌లో ఉంటుంది మరి! అంతకు ముందు ఎన్నిసార్లు పడిపోయిందో చూడమంటే సమాధానం ఉండదు. సాయంత్రానికల్లా ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది. ఇంటికి మనిషి రాడు, కనీసం మళ్లీ ఫోన్ చేసి అడగరు. మర్నాడు కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు, మళ్లీ మొదటి నుంచి అదే కథ చెప్పుకోవాలి.

తప్పు ఇంట్లో ఉందో బయట ఉందో తేల్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. మీ వ్యాసంలో ముందు రాయాల్సింది అదే. వైఫై పక్కన పెట్టి కంప్యూటర్‌ని లాన్ వైరుతో రూటర్‌కి కలపాలి. అపార్ట్‌మెంట్లలో పది ఇళ్ల వైఫైలు ఒకదానికొకటి అడ్డం పడతాయి, 2.4 గిగాహెర్ట్జ్ మీద అయితే మైక్రోవేవ్ ఓవెన్ కూడా అడ్డమే. వైరు పెడితే ఆ అనుమానం తీరిపోతుంది. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌కి పవర్ ఆదా చేసే టిక్కు ఒకటి ఉంటుంది, అదీ తీసేయాలి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీల్లో తెరిచి, ఒకదాంట్లో ఇంటి రూటర్‌కి, రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్) పెట్టాలి. నెట్ పోయిన క్షణాన రెండూ ఆగితే తప్పు ఇంట్లో ఉన్నట్టు. రూటర్ జవాబిస్తూనే ఉండి, బయటిది మాత్రం ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అంటే తప్పు రూటర్ అవతల. మా ఇంట్లో ప్రతిసారీ రెండోదే. అదే సమయంలో ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ అని రాసి ఉండే లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. తీగలో వెలుగు సరిగా అందడం లేదని దానర్థం. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గట్టిగా పట్టుబడితే చివరికి ఒక కుర్రాడొచ్చాడు. పాపం, అతని తప్పేమీ లేదు. తీగలో వెలుగు ఎంత అందుతోందో కొలిచే మీటరు పెట్టి చూస్తే మైనస్ 28 దగ్గర ఊగుతోంది. ఇళ్లలో పెట్టే ఫైబర్ పెట్టెలు మైనస్ 27 కన్నా కిందికి పడితే తడబడతాయని అతనే చెప్పాడు. నిచ్చెన వేసి స్తంభం ఎక్కితే, జాయింట్ పెట్టెకి మూతే లేదు. లోపల వాన నీళ్లు, మట్టి. మా ఫైబర్‌ని మరో కేబుల్ చుట్టకి కట్టి, మడత పడేలా లాగేశారు. లోపల వెంట్రుకంత గాజు పోగు ఉండే తీగని అలా వంచితే వెలుగు బయటికి కారిపోతుంది, గాలి వీచినప్పుడల్లా లైన్ పోతుంది. ఈ మడతని సరిచేయడానికి నేను కొత్త రూటర్ కొనాలా?

స్తంభాల సంగతి నగరంలో తెలియనిది ఎవరికి? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. అప్పుడు గానీ విద్యుత్ అధికారులకు స్తంభాల మీది కేబుళ్లు కనపడలేదు. వెంటనే కట్టర్లు పట్టుకుని దొరికిన తీగ దొరికినట్టు కోశారు. ప్రాణాల కంటే నెట్ ఎక్కువ అని ఎవరూ అనరు. కానీ ఏళ్ల తరబడి వేలాడనిచ్చింది ఎవరు? కోసిన తర్వాత ఆపరేటర్లు హడావుడిగా అతుకులేసి పోతే, ఆ అతుకులు చూసే బాధ్యత ఎవరిది? రోడ్డు తవ్వేవాళ్లది ఇంకో కథ. తవ్వే ముందు కింద ఏ తీగలున్నాయో అడగాలని 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అని కేంద్రం ఒక యాప్ తెచ్చింది. మా వీధిలో జేసీబీ తెచ్చినవాళ్లకి ఆ పేరే తెలియదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ లోపం మూడు రోజుల్లో బాగు కాకపోతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. మాలాంటి వాళ్లకి అది అందేదెలా? లైన్ రోజూ పోతూ వస్తూ ఉంటుంది, ఫిర్యాదు రోజూ ‘పరిష్కారం’ అవుతూ ఉంటుంది, మూడు రోజుల లెక్క ఎప్పటికీ పూర్తి కాదు. కంపెనీలోనే పై స్థాయిలో ఫిర్యాదు వినే అప్పిలేట్‌కి వెళ్లమంటారు. అక్కడ తేల్చడానికి 39 రోజుల గడువు. ఈలోగా ఉద్యోగం చేసుకునేవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు ఏం కావాలి?

నేను కోరేది పెద్దదేమీ కాదు. వినియోగదారుడు ‘సరే, బాగైంది’ అని చెప్పకుండా ఏ ఫిర్యాదూ మూయకూడదు. ఇంటికొచ్చినవాళ్లు మీటరు మీద చూసిన అంకెని మెసేజ్‌లో పంపాలి. ఇంట్లోని ఫైబర్ పెట్టె ఎన్నిసార్లు డిస్కనెక్ట్ అయిందో కంపెనీ దగ్గర ఉండే లెక్కని అడిగిన వెంటనే చూపించాలి, అలా పడిపోయిన ప్రతిసారినీ లోపంగానే ట్రాయ్ లెక్కించాలి. స్తంభం మీద ఉన్న ప్రతి జాయింట్ పెట్టె మీద అది ఏ కంపెనీదో పేరు, ఫోన్ నంబరు రాయించే పని విద్యుత్ శాఖ, నగర పాలక సంస్థ కలిసి చేయాలి. మీ విలేకరులు ఈసారి రూటర్ చిట్కాలు రాసే ముందు ఏదో ఒక కాలనీలో తలెత్తి స్తంభాన్ని చూసి, ఆ ఫొటో వేసి, సంబంధిత అధికారి వివరణ కూడా పక్కనే అచ్చు వేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, ఉప్పల్, హైదరాబాద్