మా మబ్బు కనిపించింది బావా

బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపం తెచ్చుకోకు, మంచి కబురుతోనే రాద్దామని ఆగాను. మొన్న శుక్రవారం రాత్రి మా ల్యాబ్‌లో, లేజర్‌తో చల్లబరిస్తే, రుబీడియం అనే లోహపు పరమాణువులు పరుగు ఆపి ఒకచోట నిలబడ్డాయి!

వెలుగు తగిలితే వేడెక్కాలి గానీ లేజర్‌తో చల్లబడడమేంటని అడిగావు కదా. గది ఉష్ణోగ్రతలో రుబీడియం పరమాణువు సెకనుకు దాదాపు 300 మీటర్ల వేగంతో పోతుంది. ఎదురొచ్చిన ఫోటాన్‌ని, అంటే వెలుగు కణాన్ని, మింగిన ప్రతిసారీ సెకనుకు 6 మిల్లీమీటర్ల వేగం తగ్గుతుంది, అంతే. ఉరికొచ్చే ఆంబోతుని శనగగింజలు విసిరి ఆపడమే. అలాంటి దెబ్బలు 50 వేలు పడాలి. కిటుకు ఏంటంటే, లేజర్ పౌనఃపున్యాన్ని పరమాణువుకి కావాల్సినదానికంటే పిసరంత తక్కువలో పెడతాం. ఎదురొచ్చే రైలు కూత కీచుగా వినబడుతుంది చూడు, అలా కిరణానికి ఎదురెళ్లే పరమాణువుకి ఆ తేడా పూడిపోతుంది. ఆరు వైపుల నుంచీ కిరణాలు వేస్తే ఎటు కదిలినా ఎదురుదెబ్బే. మధ్యలో పోగేసి ఉంచడానికి అయస్కాంత కాయిల్స్.

రెండు నెలలు నరకం చూశాను. లేజర్ లాక్, అంటే పౌనఃపున్యాన్ని కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు, నిలిచేదే కాదు. టైములు నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే, ఏసీ కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ జారుతోందని తేలింది. లేజర్ చుట్టూ థర్మోకోల్ పెట్టె కట్టాను. ఆ రాత్రే మానిటర్ మీద తెల్లగా, బియ్యపు గింజంత మబ్బు! 780 నానోమీటర్ల వెలుగు కదా, కంటికి ఆనదు, కెమెరాకే తెలుస్తుంది. ఒక కిరణానికి చెయ్యి అడ్డం పెట్టాను, మాయమైంది. తీశాను, మెల్లగా మళ్లీ నిండింది. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

డిగ్రీలో సత్యేంద్రనాథ్ బోస్ పేరు ఒక సూత్రం పక్కన చదివి వదిలేశాం. అది అన్యాయం బావా. 1924లో ఢాకాలో పాఠాలు చెబుతూ రాసిన వ్యాసాన్ని ఆయన ఐన్‌స్టీన్‌కి పంపితే, ఐన్‌స్టీనే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. బాగా చల్లబరిస్తే పరమాణువులన్నీ ఒకే స్థితిలోకి చేరిపోతాయని దాని మీద కట్టిన ఊహ 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో కంటికి కనబడింది. కార్నెల్, వీమన్ అనే శాస్త్రవేత్తలు ఈ రుబీడియంనే 170 నానోకెల్విన్ల దాకా, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకి డిగ్రీలో వందకోట్లో వంతుల లెక్కన 170 పైకి, దించారు. మా మబ్బు లెక్క ప్రకారం 150 మైక్రోకెల్విన్ల దరిదాపుల్లో ఉండాలి; మైక్రో అంటే నానోకి వెయ్యి రెట్లు. అంటే ఇంకా వెయ్యి రెట్లు దిగాలి. అంత కిందికి దించడానికి ఈ వెలుగు ఒక్కటే చాలదు. టీ చల్లారినట్టే, వేడిగా ఉన్నవాటిని ఆవిరైపోనిచ్చి మిగిలినవాటిని చల్లబరచాలి. దానికి ఇంకో రెండేళ్లయినా పడుతుంది, పర్లేదు.

సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఒక రాత్రి ఇక్కడ ఆగు. ఈసారి చెయ్యి నువ్వు అడ్డం పెడుదువుగాని.

నీ బావ