మతం మారినవారి విశ్వాసాన్ని తేల్చేదెలా?

సంపాదకులు గారికి,

స్వదేశంలో ప్రాణభయం ఉందంటూ ఐరోపా దేశాల్లో ఆశ్రయం కోరేవారిలో కొందరు, అక్కడికి వచ్చాక క్రైస్తవం స్వీకరించామని చెబుతుంటారు. ఆ మార్పు నిజమా, అనుమతి పత్రాల కోసం వేసిన వేషమా అని తేల్చే పని వలస అధికారుల మీద పడుతోంది. వారి అనుమానం అసమంజసమని నేను అనను. లాభం ఉన్నచోటికి నటన కూడా వస్తుంది. నా అభ్యంతరం వారు వాడే కొలతతోనే. పది ఆజ్ఞలు వరుసగా చెప్పమంటే తేలేది జ్ఞాపకశక్తి మాత్రమే. బట్టీ పట్టిన మోసగాడు గట్టెక్కుతాడు, చదువురాని విశ్వాసి తిరస్కారానికి గురవుతాడు. 2019లో వెలుగులోకి వచ్చిన ఒక ఉదంతంలో బ్రిటన్ హోంశాఖ, క్రైస్తవం శాంతియుతమైనదని గ్రహించి మారానన్న ఇరాన్ పౌరుడికి బైబిల్లోని హింసాత్మక వాక్యాలను ఏకరువు పెట్టి దరఖాస్తును తోసిపుచ్చింది. విమర్శలు చెలరేగాక, ఆ లేఖ తమ విధానానికి అనుగుణంగా లేదని ఒప్పుకుంది.

నిజానికి ఈ చిక్కు క్రైస్తవ సంఘానికి పుట్టుకతోనే ఉంది. క్రైస్తవులను హింసించి, ఆ తర్వాత దమస్కు మార్గంలో మారిన సౌలు (పౌలు) యెరూషలేముకు వస్తే యేసు శిష్యులు నమ్మలేదు సరికదా, భయపడ్డారు. బర్నబా అనే విశ్వాసి చేరదీసి అతని తరఫున మాట్లాడాకే దగ్గరికి రానిచ్చారు. సమరయలో గారడీ సీమోను నమ్మి, బాప్తిస్మం పొంది, అటుపైన దేవుని వరాన్ని డబ్బిచ్చి కొనబోయి యేసు శిష్యుడు పేతురు చేత చీవాట్లు తిన్నాడు. బాప్తిస్మ ధ్రువపత్రాన్నే అంతిమ రుజువుగా చూపే సంఘ కాపరులు బైబిల్లోని ఆ అధ్యాయాన్ని మరోసారి చదవాలి. యేసును కలిసి మారిన పన్నుల వసూలుదారు జక్కయ్య మాత్రం సిద్ధాంతం ఒక్కటీ వల్లించలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని అన్నాడు. ఒక మనిషి నిజంగా మారాడో లేదో చెప్పగలిగినవారు, నా దృష్టిలో, ఒకప్పుడు అతని చేతిలో నష్టపోయినవారే. తొలి శతాబ్దాల నాటి సంఘ నియమాలు కూడా ఇదే దారి పట్టాయి: మూడేళ్ల శిక్షణ తర్వాత, అభ్యర్థి విధవరాండ్రను ఆదరించాడా, రోగులను పరామర్శించాడా అని అతన్ని తీసుకొచ్చినవారినే అడిగేవారు.

మార్పు మెరుపులా రావాలన్న అపోహ కూడా కొందరికి అన్యాయం చేస్తోంది. వేదికల మీద చెప్పే సాక్ష్యాలు విని విని, ఫలానా రోజున, ఫలానా క్షణాన మారానని చెప్పలేనివారిని మనం శంకిస్తాం. ఏళ్ల తరబడి నెమ్మదిగా నమ్మకంలోకి వచ్చినవారికి చెప్పుకోవడానికి అలాంటి క్షణం ఉండదు. మొదట స్వార్థంతోనో, తోడు కోసమో ప్రార్థనలకు వెళ్లినవారు తర్వాత మనస్ఫూర్తిగా నమ్మడమూ అరుదు కాదు.

బలవంతం ఉన్నచోట మాత్రం చర్చే అనవసరం. 8వ శతాబ్దం చివర ఫ్రాంకుల రాజు షార్లమేన్, జర్మనీ ప్రాంతపు సాక్సన్ తెగలను ఆయుధబలంతో బాప్తిస్మానికి నడిపిస్తే, అతనికి సన్నిహితుడైన పండితుడు ఆల్క్విన్, మనిషిని బాప్తిస్మానికి నెట్టవచ్చు గానీ విశ్వాసానికి నెట్టలేమని వాదించాడు. మతబోధలో బలవంతం, ప్రలోభం రెండూ కూడవని 1965లో కేథలిక్ సంఘపు రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది.

అధికారులు మరచిపోతున్న అంశం ఇంకొకటి ఉంది. మతం మారినవారిని శిక్షించే పాలకులు వారి హృదయపు లోతును కొలిచాక శిక్షించరు. స్వీడన్‌లో ఆశ్రయం కోరిన ఒక ఇరాన్ పౌరుడి కేసులో, మతమార్పిడి వల్ల కలిగే పర్యవసానాలను పరిశీలించకుండా అతన్ని వెనక్కి పంపకూడదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పింది. కాబట్టి దరఖాస్తుదారుడి ముందు ప్రశ్నపత్రం పెట్టే బదులు, అతను ఎంతకాలంగా సంఘంతో కలిసి ఉంటున్నాడు, ఈ నిర్ణయం వల్ల ఎవరిని, ఏమేమి పోగొట్టుకున్నాడు అన్నవి అడగాలి. అతన్ని ఆదివారాలే కాక మిగతా రోజుల్లోనూ చూస్తున్నవారిని పిలిచి విచారించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు