అంబాసిడర్ బెంచీ సీటు పీకేయకండి

సంపాదకుడి గారికి,

పాత అంబాసిడర్ కొని బాగుచేయించుకునేవాళ్లు చాలామంది ముందువైపున్న, బల్లలా ఒక్కటిగా ఉండే బెంచీ సీటు పీకేసి, ఏదో కొత్త కారు బకెట్ సీట్లు, అంటే ఒక్కొక్కరికి విడివిడిగా ఉండేవి, బిగించేస్తున్నారు. అడిగితే నడుంనొప్పి అంటారు. నొప్పి నిజమే, కానీ ఏళ్ల తరబడి కుంగిపోయిన స్ప్రింగుల మీద ఎంత కొత్త రెగ్జిన్ కుట్టించినా నొప్పి ఎలా పోతుంది? 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ కారు తయారీ ఆగిపోయింది, అసలు సీటు పారేస్తే మళ్లీ దొరకడం కష్టం.

కవర్ విప్పించి, విరిగిన స్ప్రింగులు మార్పించి, పైన గట్టి గోనెపట్టా పరిపించండి. దాని మీద కింద గట్టి ఫోమ్, పైన పల్చగా మెత్తటిది. అంతా మెత్తటిదే వేస్తే గంట ప్రయాణానికే కూరుకుపోతాం. తొడల కింద అంచు, నడుం దగ్గర వీపు భాగం కొంచెం ఎత్తు చేయిస్తే చాలు, మరీ ఎత్తు చేస్తే స్టీరింగ్ తొడలకు తగులుతుంది. బెంచీ మొత్తం ఒక్కటిగానే జరుగుతుంది కాబట్టి ఇంట్లో బండి నడిపే అందరూ, పొట్టివాళ్లు పొడుగువాళ్లు, కుట్టకముందే ఓసారి కూర్చుని చూడాలి. మన ఎండలకు కూర్చునే చోట గుడ్డ, అంచులకు రెగ్జిన్ మేలు.

సీటు బెల్టులు పెట్టిస్తే మాత్రం తుప్పు పట్టిన రేకుకు బిగించనివ్వకండి, అడుగున మందపాటి ఇనుప ప్లేటు వేయించాల్సిందే.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం