కుందేళ్లున్న ఇళ్లకు ఫోమ్ మ్యాట్లు ఇక అమ్మము

మా దుకాణంలో చాపలు, జంపఖానాలు, నేలమీద పరిచే షీట్లు కొంటున్న తిరుపతి, చిత్తూరు కొనుగోలుదారులందరికీ నమస్కారం. ఇంట్లో కుందేళ్లను పెంచుకుంటున్నాము, నేల పాడవకుండా ఏం పరచమంటారని అడిగిన వారికి ఏడాదిగా నేను చెబుతూ వచ్చిన మాటల్లో రెండు తప్పులున్నాయని ఈమధ్యే తెలిసింది. వాటిలో ఒకటి ఒక కుందేలు ప్రాణం మీదికి తెచ్చింది, రెండోది ఒక ఇంటి నేలను చెడగొట్టింది. తప్పు నాదే కాబట్టి జరిగింది జరిగినట్టు మీకు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

మొదటిది ఫోమ్ మ్యాట్ల సంగతి. చిన్నపిల్లల గదుల్లో ఒకదానికొకటి తగిలించి పరిచే రంగురంగుల పలకలు మీరు చూసే ఉంటారు. మెత్తగా ఉంటాయి, కుందేలు కాలు జారదు, తడి కిందికి దిగదు అని నేనే చెప్పి చాలామందికి వాటిని అమ్మాను. బైరాగిపట్టెడ నుంచి వచ్చే ఒక అక్క పోయిన నెలలో ఒక పలకను సంచిలో పెట్టుకొని దుకాణానికి తెచ్చారు. తగిలించడానికి అంచున ఉండే బొడిపెల్లో నాలుగు లేవు. అవి ఉండవలసిన చోట గోరుతో గిల్లినట్టు చిన్న చిన్న అర్ధచంద్రాల గాట్లు వరుసగా ఉన్నాయి. "ఇల్లంతా వెతికాను, ఈ నాలుగు ముక్కలు ఎక్కడా కనిపించలేదన్నా" అన్నారు ఆమె. అంతకు ముందు రాత్రి నుంచి కుందేలు గడ్డి ముట్టలేదు, పెంటికలు వేయలేదు. పశువైద్యుడి చికిత్సతో మూడో రోజుకు అది కోలుకుంది.

కుందేలుకు వాంతి చేసుకునే వీలు శరీరంలోనే లేదు. మింగినది పేగుల గుండా బయటికి పోవాలి, లేదా లోపలే అడ్డం పడాలి. అందువల్ల పూట గడిచినా కుందేలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే, రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. దాని పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడం దాని అవసరం, దాన్ని మనం మాన్పించలేము. ఈ విషయం తెలుసుకోకుండా, పసిపిల్లలకు పనికివచ్చిన వస్తువు కుందేలుకూ పనికివస్తుందని నేను అనుకోవడమే అసలు పొరపాటు.

రెండో తప్పు నేల రాయికి సంబంధించినది. కుందేలు తిన్న ఆహారంలో అదనంగా ఉన్న కాల్షియం చాలావరకు మూత్రంలోనే పోతుంది. అందుకే ఆ తడి ఆరిన చోట సున్నం పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. వెనిగర్‌తో తుడిస్తే ఆ పొర కరిగిపోతుందని నేను అందరికీ చెప్పాను. విట్రిఫైడ్ టైల్స్ మీద అది నిజమే. అయితే చంద్రగిరి వైపు ఒక పాత ఇంట్లో నల్లటి కడప బండలున్నాయి, అక్కడ కూడా అదే చేయమన్నాను. కడప బండ సున్నపురాయి జాతిది. మూత్రపు పొరను కరిగించే పులుపు అదే గుణంతో రాయిని కూడా తింటుంది. నేను వెళ్లి చూసేసరికి అద్దంలా మెరిసే బండ మీద అరచేయంత మేర బూడిదరంగు మచ్చలు నాలుగు కనిపించాయి. వేలితో తడిమితే చుట్టూ నున్నగా, మచ్చ ఉన్నచోట గరుకుగా తగిలింది. ఆ బండలకు మళ్లీ పాలిష్ పట్టించే ఖర్చు నేను పెట్టుకుంటున్నాను.

మీ ఇంట్లో ఉన్నది కడప బండ అయినా, పాలరాయి అయినా, పాత కాలపు ఎర్ర గచ్చు అయినా వెనిగర్, నిమ్మరసం, బాత్రూమ్ కడిగే యాసిడ్ ఏదీ వాడకండి. టైల్స్ మధ్య సందుల్లో నింపినది కూడా సాధారణంగా సిమెంటే కాబట్టి అక్కడ వెనిగర్‌ను నిలవ ఉంచకుండా వెంటనే నీళ్లతో తుడిచేయాలి. బండల మీద తడి ఆరకముందే గుడ్డతో అద్దేయడం అన్నిటికంటే మేలు. ఆరిపోయి ఉంటే, గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను పావుగంట దాని మీద వేసి ఉంచి, పనికిరాని ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకితే చాలావరకు వస్తుంది. ఒక్కోసారి మూత్రం ఎర్రగా, నారింజ రంగులో కనబడుతుంది. ఆహారం వల్ల కూడా అలాంటి రంగు వస్తుంది కాబట్టి చూడగానే రక్తమని బెంబేలు పడనవసరం లేదు, అయితే అది మానకపోయినా, కుందేలు ముక్కుతూ కనిపించినా వైద్యుడికి చూపించాలి.

ఇక ఏం పరచాలన్న ప్రశ్నకు వస్తాను. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, వెంట్రుకలే ఉంటాయి. నున్నటి గ్రానైట్ మీద, టైల్స్ మీద దాని కాళ్లు పక్కలకు జారిపోతాయి. ఎప్పుడూ గట్టి నేల మీదే ఉంటే మడమల దగ్గర పుండ్లు పడతాయి. అంటే పరిచేది నేల కోసమే కాదు, కుందేలు కాళ్ల కోసం కూడా. అది తిరిగే దారిలో దట్టంగా నేసిన నూలు జంపఖానా పరచండి. దాని అంచులను మంచం కోళ్ల కిందికో, సోఫా కిందికో తోసి పెట్టండి, ఎందుకంటే కుందేలు కొరకడం మొదలుపెట్టేది ఎప్పుడూ అంచు నుంచే. పోగులు లేచిన జంపఖానాను ఇంకొన్నాళ్లు వాడదామని ఉంచకండి, పొడవాటి దారం కూడా పేగులకు ప్రమాదమే.

తలుపు సందుల దగ్గర, గది మూలల్లో కుందేలు గోళ్లతో గీరుతుంది. అక్కడ రంగు వేయని ఈత చాప ముక్క వేస్తే సరిపోతుంది. ఆకును ఆకుతోనే అల్లుతారు కాబట్టి అందులో నైలాను దారం ఉండదు. కొన్ని నెలల్లో అది చిరిగిపోతుంది, మళ్లీ కొనవలసిందే. కొబ్బరి పీచు పట్టాలు మాత్రం కుందేలు పడుకునే చోట వేయవద్దు, ఆ గరుకు పాదాలకు మంచిది కాదు. అమ్మకం పోతుందని తెలిసే చెబుతున్నాను.

గది మొత్తం కప్పేయాలని కూడా అనుకోకండి. మన ఊళ్లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కుందేలుకు 30 డిగ్రీలే కష్టం. చల్లటి బండ మీద పొట్ట ఆనించి పడుకోవడానికి దానికి కొంత నేల వదిలిపెట్టాలి.

అన్నిటికంటే నేలను ఎక్కువగా కాపాడేది మా దుకాణంలో దొరకదు. కుందేలు ఏ మూలను ఎంచుకుంటే ఆ మూలలోనే దాని మలమూత్రాల తొట్టిని ఉంచి, పక్కనే ఎండుగడ్డి పెట్టి, తొట్టి కింద వెడల్పాటి స్టీలు పళ్లెం వేయండి. స్టీలును అది కొరకలేదు, వెనిగర్‌తో కడిగినా ఏమీ కాదు. పాత్రల దుకాణంలో అడగండి. ఈడుకొచ్చిన కుందేలు ఇల్లంతా మూత్రం చిమ్ముతుంటే దానికి చాప మందు కాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో ఆ అలవాటు చాలావరకు తగ్గుతుంది, దాని గురించి వైద్యుడిని అడగాలి. పశువైద్య విశ్వవిద్యాలయమే ఉన్న ఊరిలో ఉన్నాము కాబట్టి అడగడానికి మనుషులు లేరని అనలేము.

కుందేళ్ల కోసం మా దగ్గర ఫోమ్ మ్యాట్లు కొన్నవారు ఈ నెలాఖరులోగా వాటిని తెచ్చి ఇస్తే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము. బిల్లు లేకపోయినా, వాడినవైనా, మాసిపోయినవైనా తీసుకుంటాము. అంచులు కొరికిన పలకలుంటే వాటిని మాత్రం అప్పటిదాకా ఉంచకుండా ఈరోజే కుందేలుకు అందకుండా తీసేయండి.