జంట వేషాల జాబితా సరే, కొలతలేవి?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబర్ 31 దగ్గర పడిందంటే హాలోవీన్‌కి జంటలు ఏ వేషం వేస్తే బాగుంటుందో చెప్పే జాబితాలు మొదలవుతాయి. మీ ఆదివారం అనుబంధంలోనూ ఒకటి వచ్చింది. ఉప్పు–మిరియాలు, తాళం–తాళంచెవి, మేఘం–మెరుపు, దిష్టిబొమ్మ–కాకి. ఊహలన్నీ బాగున్నాయి. ఎంత గుడ్డ పడుతుందో, ఏది ఎలా అతకాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇంట్లో చేసుకునే వేషం చెడిపోయేది అక్కడే.

ముందు ఎంపిక సంగతి. ఒకరు మంచినీళ్లకని పక్కకెళ్తే రెండోవారి వేషం అర్థం లేకుండా పోకూడదు. తాళంచెవి దూరమైతే తాళం ఒట్టి అట్టపెట్టెలా కనిపిస్తుంది. ఆ లెక్కన జాబితాలో అన్నిటికన్నా మేలైనది దిష్టిబొమ్మ–కాకి జోడీ. విడిగా ఉన్నా ఇద్దరినీ గుర్తుపడతారు, పైగా పాత బట్టలతోనే అయిపోతుంది.

పనంతా కాకి రెక్కల్లోనే ఉంది. మెడ వెనక ఎముక నుంచి మణికట్టు దాకా టేపుతో కొలవండి. పెద్దవాళ్లకు 75 సెం.మీ. అటూ ఇటూ వస్తుంది. ఆ కొలతతో నల్ల గుడ్డ మీద రెండు పావు వృత్తాలు కత్తిరించి వీపు మధ్యలో కలిపి కుట్టాలి. ఈకలకు పాత హోజరీ టీషర్టులు మూడు చాలు. హోజరీ అంచు పోగులూడదు. మామూలు నేత గుడ్డయితే ఈకల అంచులన్నీ పీచు పీచవుతాయి. ఒక్కో ఈక 15 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు. వరసకూ వరసకూ మధ్య 10 సెం.మీ. ఉంచితే ఏడు వరసలొస్తాయి, రెక్కకు 80 ఈకల దాకా పడతాయి. కుట్టడం ఎప్పుడూ కింది అంచు నుంచే మొదలుపెట్టాలి, ఇంటి పెంకులు పరిచినట్టు. పైనుంచి వస్తే ప్రతి వరస కుట్టూ బయటికే కనిపిస్తుంది. ఈకను పై రెండు సెంటీమీటర్లలోనే పట్టించి మిగతాది వదిలేస్తేనే చెయ్యి ఊపినప్పుడు కదులుతుంది. గ్లూ గన్‌తో పని తొందరగా అయ్యే మాట నిజమే కానీ, భుజం, మోచేయి దగ్గర గుడ్డ మడత పడుతుంటే ఆ జిగురు పెళుసుగా ఊడొస్తుంది. అక్కడ సూదీ దారమే దిక్కు. మణికట్టు దగ్గర ఒక ఎలాస్టిక్ ఉచ్చు, మధ్యవేలికి ఒకటి వేస్తే రెక్క జారదు.

ముక్కును మొహానికి కట్టొద్దు. ఊపిరాడదు, కళ్లద్దాలు కుదరవు, ఏమీ తినలేరు. నల్ల క్యాప్ ముందంచుకే పల్చని అట్టతో చేసిన గొట్టం బిగించండి. ముడతల అట్ట చుట్టబోతే విరుగుతుంది కాబట్టి బిస్కెట్ డబ్బా అట్ట వాడాలి. రంగు రెండు వైపులా వేయాలి. ఒకవైపే వేస్తే ఆరేటప్పుడు అట్ట వంగిపోతుంది.

దిష్టిబొమ్మకు ఒక సైజు పెద్ద చొక్కా, అతుకుల ప్యాంటు చాలు. గడ్డి మాత్రం నిజంది పెట్టొద్దు. గుచ్చుకుంటుంది, రాలుతుంది, గుమ్మడికాయలో దీపం వెలిగే చోట ఇట్టే అంటుకుంటుంది. బదులుగా పసుపు రంగు అసలైన ఉన్ని దారం తీసుకోండి. ఉన్ని అంత తొందరగా నిప్పందుకోదు, అక్రిలిక్ దారానికి ఆ గుణం లేదు. 25 సెం.మీ. పోగులు పన్నెండు కలిపి నడిమికి ముడేస్తే ఒక కుచ్చు. చేతి అంచు లోపల మూడేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎనిమిది, కాలి అంచుకు పది. మొత్తం సుమారు 110 మీటర్ల దారం.

భుజాల మీద అడ్డకర్ర కట్టుకోవాలనిపిస్తుంది. కడితే తలుపులో పట్టరు, పక్కవాళ్ల కళ్లకు తగులుతుంది. బట్టల తాను వచ్చే అట్టగొట్టాన్ని రెండు ముక్కలు చేసి భుజాలకు వెల్క్రోతో అతికించుకుంటే ఫొటో అయ్యాక పీకేయొచ్చు. ఇద్దరినీ కలిపే తాడైనా, గొలుసైనా ఇలాగే లాగితే ఊడిరావాలి. మెట్ల మీద ఒకరు తూలితే రెండోవారూ పడిపోకూడదు కదా!

మేఘం–మెరుపు చేసేవారికి రెండు మాటలు. థర్మకోల్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అందులోని ద్రావకం దాన్ని కరిగించేస్తుంది. ముందు తెల్ల జిగురు రెండు పూతలు పూసి ఆరనివ్వాలి. దూదిలో పెట్టే లైట్లు బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీలే అయివుండాలి.

మొహం రంగుల గురించి ఆ వ్యాసం మాట్లాడనే లేదు, నాకు బాధ కలిగించింది అదే. బొమ్మలకు వేసే అక్రిలిక్ రంగు డబ్బా మీద విషం కాదని రాసున్నా అది చర్మానికి తయారైనది కాదు. మొహానికని అమ్మే రంగునైనా ముందురోజు మోచేతి లోపలివైపు కాస్త రాసి చూసుకోవాలి. చేతిపనుల మెరుపు పొడి కంట్లో పడితే నల్లగుడ్డు గీసుకుపోతుంది. వైద్యుడు కొలిచి ఇవ్వని రంగు కాంటాక్ట్ లెన్సుల జోలికి అసలు వెళ్లొద్దు.

పండగకు రెండు రోజుల ముందే ఇద్దరూ పూర్తి వేషంలో ఇరవై నిమిషాలు తిరిగి, కూర్చుని, మెట్లెక్కి చూసుకోవాలి. ఊడేది అప్పుడే ఊడితే కుట్టుకోవడానికి ఒక రాత్రి మిగులుతుంది. వచ్చే వారం అనుబంధంలో కనీసం ఒక జోడీకైనా కొలతలు, కత్తిరింపు బొమ్మ అచ్చు వేయగలరని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు