ల్యాబ్‌లో ఉన్న ఆ బాబాయ్ గారికి

అందరికీ నమస్కారం. రాయగడలో బ్లౌజులు కుట్టుకునే దాన్ని. నా దవడ సంగతి మన ఊళ్ళో చాలామందికి తెలుసు, ఫోన్ చేస్తే మా పెద్దమ్మాయే తీసి "అమ్మ మాట్లాడలేదండి" అని చెప్పేది కదా. ఇప్పుడు మాట్లాడుతున్నాను, నెమ్మదిగానే అనుకోండి. విశాఖ నుంచి వచ్చి ఇంకా నిద్ర తీరలేదు, ఒళ్ళంతా నొప్పులు. అయినా మిషను దగ్గర కూర్చుంటే ఇంక రాయను, అందుకే ముందు ఇది రాస్తున్నాను.

విశాఖలో ఒక డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. దాని ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు, క్లిప్పులు తయారు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన పేరు కూడా అడగలేదు. ఈ రాతంతా ఆయన కోసమే.

నాకు మొదట కుడి చెవి ముందు టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. ఆవలించినా, గట్టిగా నమిలినా అంతే. కొన్నాళ్ళకి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేసరికి నోరే తెరుచుకోవడం మానేసింది. చెంప, కణత, చెవి, పై పళ్ళు అన్నీ ఒకటే లాగుడు. అన్నం ముద్ద పట్టేది కాదు. చోడి అంబలి, గంజి, మెత్తగా ఉడికిన పెసరపప్పు, వీటితోనే గడిచింది.

విశాఖలో పీజీ చదువుతున్న డాక్టరమ్మ చెప్పేదాకా అది దవడ కీలు నొప్పి అని నాకు తెలీదు. చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదులుతూ తగులుతుంది చూడండి, అదే ఆ కీలు. కింది దవడ ఎముక కొసకీ పైన పుర్రె ఎముకకీ మధ్య చిన్న మెత్తటి డిస్క్ ఉంటుందట. అది ముందుకి జారిపోయి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ తన చోటుకి వస్తుంటే ఆ టిక్కుమనే చప్పుడు. ఒక్కోసారి రాకుండా అడ్డం పడి ఉండిపోతుంది. బాబిన్ కేసులో దారం చిక్కుకుని మిషను ఆగిపోయినట్టు అన్నమాట. మన వేళ్ళు మూడు నిలువుగా పెడితే నోట్లో పట్టాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. నాకు ఒకటి పట్టి రెండోది ఆగిపోయింది. ఉత్త చప్పుడే ఉండి నొప్పి లేకపోతే మాత్రం వైద్యమే అక్కర్లేదన్నారు, భయపడకండి.

ఏం పని చేస్తావని అడిగారు. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకోవడం, దారం పళ్ళతో తెంపడం, మెడ వంచి గంటల కొద్దీ కూర్చోవడం అన్నీ చెప్పాను. రాత్రి పళ్ళు కొరుకుతావా అంటే మా ఆయనే అవునన్నారు. పెళ్ళిళ్ళ టెన్షన్ సరేసరి. దీనికి ఇదొక్కటే కారణం అని ఉండదట, అన్నీ కలిసి వస్తుందట. ఆపరేషన్ అంటారేమోనని వణికాను, ఎక్కువమందికి ఆ అవసరమే రాదన్నారు. కొన్నాళ్ళు నొప్పి మాత్రలు, చెంపకి వేడి కాపడం, మెత్తటి తిండి, అద్దం ముందు నోరు తిన్నగా తెరిచే వ్యాయామం. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించాలి. తినేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదట, ఇది మాత్రం నాకు ఇన్నేళ్ళకి తెలిసింది!

వీటితో నోరు కాస్త తెరుచుకున్నాక, రాత్రి పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డు కోసం పళ్ళ అచ్చు తీశారు. ఆ ట్రే పట్టేసరికి ప్రాణం పోయింది, మళ్ళీ మాట రాలేదు. వారం తర్వాత వచ్చి తీసుకోమన్నారు. రాయగడ నుంచి మళ్ళీ రావాలంటే బండి చార్జీలు, ఒక రోజు కూలి పోయినట్టే. నా కొలతల పుస్తకం తీసి "ఇవాళే ఇస్తారా" అని రాసి చూపించాను. ల్యాబ్‌లో అడిగి చూడండి అని పంపించారు ఆ డాక్టరమ్మ.

బాబాయ్ గారు మిషను ఆపి, మాస్కు తీసి, నేను రాసింది చదివారు. నా చేతిలో పెన్ను తీసుకుని దాని కిందే రాశారు: "బండి ఎన్నింటికి?" చెవుడనుకున్నారేమో అని, "నాకు వినపడుతుందండీ, మీరు మాట్లాడొచ్చు" అని రాశాను. ఆయన మళ్ళీ రాశారు: "తెలుసు తల్లీ. నువ్వొక్కదానివే రాస్తూ కూర్చుంటే బాగోదు కదా."

అంతే, ఏడుపు ఆగలేదు. దవడ బిగుసుకుపోయినప్పుడు ఏడవడం కూడా నొప్పే. ఇన్ని రోజులూ అందరూ నా మొహం మీద "ఏంటీ? ఏంటమ్మా?" అని అరిచినవాళ్ళే. ఆ సాయంత్రం మా మాటలన్నీ ఛాతీ, నడుము, చెయ్యి పొడవు అని గళ్ళు కొట్టిన ఆ కాగితాల మీదే జరిగాయి. మిగతావాళ్ళు వెళ్ళిపోయినా ఆయన కూర్చుని గార్డు చేశారు. డాక్టరమ్మ నా పళ్ళ మధ్య రంగు కాగితం పెట్టి కొరికించి, ఎక్కడ ఎత్తు తగులుతోందో చూసి ఇస్తే, ఆయన అక్కడ అరగదీసి మళ్ళీ ఇచ్చేవారు. డబ్బులు తీస్తే "కౌంటర్లో రసీదు కట్టావు కదా" అని రాశారు. పోనీ ఆంటీ గారికి బ్లౌజు కుట్టి పంపిస్తానంటే, "ఆవిడ నైటీలు దాటి రాదు."

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. విశాఖ వెళ్ళేలోపు మా దగ్గర ఒకరు చెవిలో చుక్కలు వేశారు, ఇంకొకరు బాగున్న దవడ పన్ను పీకేశారు. చెవి ముందు వేలు పెట్టి చూడ్డానికి అర నిమిషం పట్టదు కదండీ. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ అంటే అక్కడివాళ్ళకే. మా ఒడిశా కార్డేమో ఆసుపత్రిలో చేరితేనే. ఓపీలో చూపించుకుని గార్డు పెట్టుకునే రోగానికి ఏ కార్డూ లేదు. సరిహద్దులో తెలుగువాళ్ళం అటు కాకుండా ఇటు కాకుండా ఉండిపోవాలా? మన జిల్లా ఆసుపత్రికే ఇవి తెలిసిన పళ్ళ డాక్టరు వారానికి ఒక్కరోజు వచ్చినా చాలు.

మా ఆయనా, మా అత్తగారూ, పిల్లలూ చేసింది వేరే చెప్పాలా, ఇంట్లోవాళ్ళు. మజ్జిగౌరమ్మకి మొక్కు ఉంది, తీర్చాలి.

అయ్యో, ఇంకా ఉన్నారు. బొబ్బిలిలో ఎక్కి, నా చెంప వాపు చూసి కిటికీ సీటు ఇచ్చిన అబ్బాయికి థాంక్స్. పక్క షాపు ఫ్యాన్సీ స్టోర్ వదిన నా తాళాలు చూసుకుంది. ఆ డాక్టరమ్మ, పైన ఇంత చెప్పి ఆవిడకి థాంక్స్ రాయలేదు చూడండి. పెళ్ళి దగ్గరపడినా కసురుకోకుండా బ్లౌజులు వేరే చోట కుట్టించుకున్న జేకేపూర్ అమ్మాయికి కూడా. మిగతావాళ్ళ గుడ్డలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, వచ్చే వారం నుంచి ఒక్కొక్కటిగా ఇస్తాను. కొత్తవి మాత్రం ఇప్పుడే తీసుకోవడం లేదు, దయచేసి ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి.